అడగకుండా పట్టుకుపోయిన పేర్లు

కోరుట్ల బస్టాండుకు కొంచెం అవతల, చెప్పుల దుకాణానికీ మందుల షాపుకూ నడుమ ఇరికినట్టుండే గదిలో దూస పద్మజ పదిహేడేళ్లుగా అర్జీలు టైపు చేస్తోంది. బోర్డు మీద 'టైపింగ్, జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాలు' అని ఉంటుంది. అక్కడికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఆ బోర్డు చదవలేరు. వాళ్లకు ఆ అవసరమూ పడలేదు. "పద్మక్క దగ్గరికి పో. రాసిపెడ్తది, కడుపుల పెట్టుకుంటది" అని ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు. కడుపులో పెట్టుకుంటుందన్న ఆ మాట మీదే ఆమె షాపు నడుస్తోంది.

ఆమె పుట్టింది సిరిసిల్లలో. ఇంట్లో నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాన్ని అక్కడ అలాగే అంటారు. సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషికైనా అరిచి చెప్పాల్సిందే. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల చివరికి గుసగుసలు వినే పనిలో కుదురుకుంది. పదో తరగతి తర్వాత జగిత్యాలలో పిన్ని ఇంట్లో ఉండి టైపు లోయరు, హయ్యరు పాసైంది. అక్కడే చంద్రయ్య అనే ముసలాయన దగ్గర మూడేళ్లు అర్జీలు కొట్టింది. అర్జీ పూర్తి కాగానే ఆయన కార్బన్ కాగితాన్ని అర్జీదారు కళ్ల ముందే చింపేవాడట. కార్బన్‌ను వెలుతురులో పెడితే అక్షరాలు కనబడతాయి కదా. ఒక్క కార్బన్‌తో పది అర్జీలు కొట్టవచ్చని ఆమె అంటే, "దాంట్ల మంది సంసారం ఉంటది బిడ్డా, చింపు" అనేవాడట.

పెళ్లయి కోరుట్లకు వచ్చాక ఆమె సొంతంగా కంప్యూటరు పెట్టుకుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇల్లు చూసినా ఒక మగమనిషి గల్ఫ్‌లో ఉంటాడు. అందుకని ఆమె దగ్గరికి వచ్చే కాగితాలూ అలాంటివే. కంపెనీ జీతం ఇవ్వడం లేదని, పాస్‌పోర్టు గుంజుకున్నారని, చనిపోయినవాడి శవం తెప్పించమని, జైల్లో పడినవాణ్ని విడిపించమని. చెప్పే మనిషి ఆమె పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని చెవిలో చెప్పినట్టు చెబుతుంది. మిగతావాళ్లు ఎదురుగా బెంచీ మీద కూర్చుంటారు. బెంచీ వైపు తిప్పి ఇంకొక తెర పెట్టి ఉంటుంది. పాస్‌పోర్టులో ఒక్క అక్షరం తప్పు పడినా కాగితం తిరిగొస్తుంది కాబట్టి, పేరూ నంబరూ ఉన్న రెండు వరుసలు మాత్రం పెద్దగా చేసి ఆ తెర మీద చూపించి, "సరిగ్గున్నదా? మంచిగ సూడు" అని అడుగుతుంది. మిగతా అర్జీ ఆ తెర మీదికి ఎప్పుడూ రాదు.

ఆమె ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి ఒకటుంది. ఇక్కడ మొగిలవ్వలు ఎంతమందో చెప్పలేం. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లే తొమ్మిది మంది. గంగయ్యలైతే లెక్కే లేదు. మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు వాళ్లకు తారీఖు గుర్తుండదు, రసీదు ఉండదు. "గా నా కాయితం తియ్యక్కా" అంటారు. అందుకని ఆడమనిషి పేరు, ఊరు, ఇంటాయన పేరు, సంగతి, ఇవన్నీ కలిపి ఫైలుకు పేరు పెడుతుంది. ఎవరూ చూడని చోట పెట్టిన పేరే కదా అనుకుంది.

ఆరేళ్ల కింద ఆమె కంప్యూటరులో ఉన్నవన్నీ దొంగ కాపీ ప్రోగ్రాములే. వైరస్ వచ్చి రెండు రోజులు షాపు మూతబడ్డాక, కంప్యూటర్లు బాగుచేసే సంజీవ్ 'రాతపలక' అనే ప్రోగ్రాము ఎక్కించాడు. "గిది దొంగది కాదక్కా. ఫ్రీ. పైసలడుగరు. లోపట ఎట్ల చేసిర్రో గదంత బయటనే పెట్టిర్రు. ఎవలన్న సదువుకోవచ్చు. దాసుకునుడు ముచ్చటే లేదు" అన్నాడు. డబ్బు కట్టక్కర్లేదన్నందుకు కాదు, దాపరికం లేదన్నందుకు ఆమెకు ఆ ప్రోగ్రాము నచ్చింది. తెలుగు నిఘంటువు కావాలంటే మెయిల్ ఐడీ ఇమ్మంటే ఇచ్చింది. ఆ ప్రోగ్రామును గౌరవించినంతగా ఆమె తన కంప్యూటరులో దేన్నీ గౌరవించలేదు.

డిసెంబరు చివరి సోమవారం. పొద్దున పదకొండు. నా ఎం.ఏ. ప్రాజెక్టు ప్రింటు కోసం వెళ్లి నేనూ ఆ బెంచీ మీదే కూర్చున్నాను. నా పక్కన ముత్యంపేట సమ్మక్క, ఆమె మనవరాలు ప్రవళిక. ఇంటర్ చదివే ఆ పిల్ల స్కాలర్‌షిప్ ఫారం కోసం వచ్చింది. పద్మజ వాళ్ల ఇంటిపేరు చూపించడానికి ఇవతలి తెర వెలిగించింది. అంతలో రాతపలక దానంతటదే తెర నిండా ఒక రంగుల కార్డు పరిచింది. ఇక్కడివాళ్లు బుగ్గలనే బెలూన్లు, కాగితపు పూలు ఎగిరాయి. 'ఈ ఏడాది రాతపలకతో మీ ప్రయాణం' అని శీర్షిక. కింద, 'మీరు ఎక్కువ సమయం గడిపిన అయిదు ఫైళ్లు.'

ప్రవళిక నవ్వుకుంటూ మొదటిది పైకి చదివేసింది. "మొగిలవ్వ, ముత్యంపేట, గంగయ్య జైలు క్షమాభిక్ష. అమ్మమ్మా, మన మొగిలవ్వత్తేనా?"

పద్మజ లేచి వైరు లాగేసేసరికి అయిదు పేర్లూ అందరూ చూశారు. మిగతా నాలుగు నేనిక్కడ రాయను. మొగిలవ్వ పేరు మాత్రం ఆమే రాయమంది. ఎందుకు రాయమందో తర్వాత తెలుస్తుంది.

"జైలా? గంగయ్య జైల్ల ఉన్నడా?" అంది సమ్మక్క. "సిగ్నల్ లేని కాడ పనిచేస్తుండని చెప్తది గదనే మొగిలి!"

"వదినె, నీ కాళ్లు మొక్కుత. ఈడ సూసింది ఈడనే ఇడిసిపెట్టు" అంది పద్మజ.

"నేనెందుకు చెప్తనే, నాకేం పని" అంది సమ్మక్క. ఆమె అబద్ధం చెప్పిందని నేననుకోను. కానీ ఆ మాట ముత్యంపేట చేరే బస్సు పన్నెండింటికే ఉంది.

మొగిలవ్వ భర్త గంగయ్య గల్ఫ్‌లో నీళ్ల ట్యాంకరు నడుపుతూ ఒక మనిషి చావుకు కారణమై జైలుకు పోయి రెండేళ్లు దాటింది. ఊళ్లో ఎవరికీ ఆమె ఆ సంగతి చెప్పలేదు. ముఖ్యంగా అత్త సత్యవ్వకు. ముసలామెకు గుండె జబ్బు. గంగయ్య పాత వాట్సాప్ మాటలు కొన్ని ఫోనులో దాచుకుని, ఆదివారం ఆదివారం ఒకటి వినిపించేది. "అమ్మా, మంచిగున్నవా, నేను మంచిగున్న" అని కొడుకు గొంతు వినబడితే ముసలామె ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తినేది. ఏడాది పొడుగునా మొగిలవ్వ కోరుట్లకు వచ్చి ఇరవై మూడు అర్జీలు రాయించింది. అందుకే ఆ ఫైలు మొదటి స్థానంలో నిలిచింది. ఆమె కష్టానికి రాతపలక వాళ్లు బెలూన్లు ఎగరేశారు.

మరునాడు షటరు పూర్తిగా లేవకముందే ఆమె వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు.

"ఎంతకు అమ్ముకున్నవక్కా నన్ను?"

"చెల్లె, లోపలికి రా. కూసో."

"నేను కూసోను. నాలుగు ముద్దలు తినే ముసల్ది నిన్నటి సంది మంచినీళ్లు ముడుతలేదు. 'గిన్నొద్దులు నాకినిపిచ్చింది పాత మాటలేనా? నా కొడుకు బతికున్నడో లేదో నిజం చెప్పు' అంటుంది. ఏం చెప్పాలె? బతికున్నడంటే నమ్ముతలేదు. నేనింకోసారి అబద్ధం ఆడుతున్న అనుకుంటుంది."

"నేను చెప్పలే, మొగిలీ. నా పిల్లల మీద ఒట్టు."

"మరి ఎవలు చెప్పిర్రు? గోడలా?"

పద్మజ కంప్యూటరు వైపు చేయి చూపించింది. ఆ చేయి చూపించినందుకు ఆమె ఇప్పటికీ సిగ్గుపడుతుంది. తప్పు చేసినవాళ్లంతా మిషను మీదికే తోస్తారు కదా.

"డబ్బా చెప్పిందా?" మొగిలవ్వ నవ్వింది. ఆ నవ్వు నేను వినలేదు, పద్మజ చెప్పింది. "డబ్బాకు నేను చెప్పలే అక్కా. నీకు చెప్పిన."

ఆమె వెళ్లిపోయాక పద్మజ షటరు సగం దించి సంజీవ్‌ను పిలిపించింది. అతను చూసి, "గిది నీ మిషన్‌లనే తయారైతదక్కా. ఏ ఫైలు ఎన్నిసార్లు తీసినవో లెక్కవెట్టి సూపెడ్తది. బయటికి పోదు" అని తేల్చాడు.

ఆమె అడిగింది. "తమ్మీ, పాత మిషను ఎప్పుడు కాలింది?"

"ఆగస్టుల. పిడుగు పడ్డనాడు. నేనే గదా పాత సామాను కింద అమ్మిన."

"దాంట్ల ఉన్నది ఏమన్న దొరికిందా?"

"ఒక్క ఫైలు గూడ దొరుకలే. నువ్వు ఏడిస్తివి గూడ."

"మరి నిన్నటి కార్డు మీద జనవరి నుంచి లెక్కుంది. మార్చిల ఎన్ని, మేల ఎన్ని అని గీతలు గీసింది. రెండో పేరు ఉన్నామె ఏప్రిల్ తర్వాత రానే లేదు. ఆమె ఫైలు ఈ కొత్త మిషన్‌ల పుట్టనే లేదు. నా దగ్గర కాలిపోయింది ఎవల దగ్గర బతికుంది?"

సంజీవ్ ప్రోగ్రాము లోపలికి లోపలికి వెళ్లి వెతికాడు. అయిదు మెట్లు దిగాక, ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో, 'మెరుగుపరచడానికి మాకు సాయం చేయండి' అని ఒక వరుస ఉంది. దాని పక్క గళ్లో టిక్కు ముందే పెట్టి ఉంది. ఏడాదిన్నర కింద ఆ ప్రోగ్రాముకు ఒక కంపెనీ డబ్బు పెట్టడం మొదలుపెట్టాక వచ్చిన మార్పది. తెరిచిన ప్రతి ఫైలు పేరూ, ఎంతసేపు తెరిచి ఉందో ఆ లెక్కా, ఆమె మెయిల్ ఐడీ కింద వాళ్ల దగ్గర జమ అవుతున్నాయి.

"లోపట అంత సదువుకోవచ్చు అన్నవ్ గద. సదివినవా?" అని అడిగింది పద్మజ.

"నేనేడ సదివిన అక్కా. సదివే వీలుంది గదా, ఎవలో ఒకలు సదివే ఉంటరనుకున్న."

"గంగాళంల అందరు పాలు పోస్తరు, నేనొక్కన్ని నీళ్లు పోస్తే ఏమైతదని ఊరంత నీళ్లే పోసిర్రట. గట్లున్నది నీ ముచ్చట."

ఆ సాయంత్రమే ఆమె చెబుతుంటే రాతపలక వాళ్లకు ఇంగ్లీషులో మెయిల్ రాసింది నేనే. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. ఫైళ్ల లోపలి విషయం తాము తీసుకోమనీ, పేర్లు మాత్రమే తీసుకుంటామనీ, అదీ ప్రోగ్రామును బాగుచేయడానికేననీ అన్నారు. ఈ మార్పును దాచలేదనీ, కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి ఎవరైనా పరిశీలించవచ్చనీ అన్నారు. చివర, 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.'

నేను ఆ జవాబు తెలుగులో చెబుతుంటే ఆమె మధ్యలో ఆపింది. "పేర్లు మాత్రమేనా?" అంది. "మా ఊర్లల్ల పేరు దెలిస్తే ఇంకేం గావాలె? లోపలి కాయితం ఎవలు అడుగుతరు? ఫలానా ఆమె మొగడు జైల్ల ఉన్నడంటే అయిపాయె. ఏ జైలు, ఏ సెక్షను అని ఎవలన్న అడిగిర్రా?"

నాకు కోపం తెప్పించింది మాత్రం 'బహిరంగంగా ఉంది' అన్న మాట. లక్షల వరుసల కోడ్‌ను ఇంగ్లీషులో ఎక్కడో పెట్టి, కోరుట్లలో అర్జీలు కొట్టే ఆడమనిషి వచ్చి చదువుకోలేదు కాబట్టి తప్పు ఆమెదేనంటున్నారు. ఏం తీసుకుంటున్నదీ చెప్పారట, కానీ ఆమె వినగలిగే చోట చెప్పలేదు. 'తీసుకోవచ్చా' అని ఒక్క వాక్యం తెలుగులో అడగడానికి వాళ్లకు చోటు దొరకలేదు. బెలూన్లు ఎగరేయడానికి తెరంతా దొరికింది. దొంగ కాపీ అమ్మేవాడు కనీసం నమ్మకం పేరు చెప్పుకుని అమ్మడు. వీళ్లు నమ్మకాన్నే చూపించి ఇంట్లోకి వచ్చారు.

తీసుకున్న పేర్లన్నీ చెరిపేయమని మళ్లీ రాశాం. ఏయే ఫైళ్ల పేర్లు చెరపాలో జాబితా పంపమని జవాబు. అంటే పోయిన పేర్లు చెరిగిపోవాలంటే వాటన్నిటినీ వరుసగా రాసి మళ్లీ వాళ్ల చేతికే ఇవ్వాలి! పద్మజ ఆ మెయిల్‌ను రెండుసార్లు చదివించుకుని, "జాబితా లేదు, అన్నీ చెరుపుమను" అంది. దానికి జవాబు రాలేదు.

ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవాల్సిన ఒక ఆఫీసుకూ వెళ్లాం. కౌంటరు దగ్గరాయన, "పైసలు పోయినయా?" అని అడిగాడు.

"పోలే సార్."

"ఫొటోలేమన్న పెట్టిర్రా?"

"లేదు సార్. పేర్లు తీస్కపోయిర్రు."

"పేర్లు ఓటరు లిస్టుల గూడ ఉంటయమ్మా" అని ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

సంజీవ్ ఆ ప్రోగ్రాము తీసేశాడు, కంప్యూటరుకు నెట్టు ఊడబీకాడు. ఆన్‌లైన్ ఫారాలు ఇప్పుడు ఫోనులోనే. ఫైళ్లకిప్పుడు అంకెలే ఉన్నాయి. ఏ అంకె ఎవరిదో ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసి ఉంటుంది. అక్కడితో ఆగిపోయి ఉంటే షాపుకు పెద్ద నష్టం ఉండేది కాదు. ఆ అయిదుగురికి తప్ప, తమ పేరు పోయిన సంగతి మిగతా ఎవరికీ తెలియదు. సంజీవ్ అదే చెప్పాడు. "ఊకో అక్కా. నువ్వే చెప్పి నీ గిరాకి నువ్వే చెడగొట్టుకుంటవా?"

"వాళ్లు అడగకుంట తీస్కపోయిర్రు. నేను చెప్పకుంట దాస్తే నాకూ వాళ్లకూ ఏం తేడా?" అంది పద్మజ.

జనవరి నెలంతా మధ్యాహ్నం రెండింటికే షాపు మూసేది. బస్సెక్కి ఒక్కో ఊరికి పోయేది. వెల్గటూర్ దాకా వెళ్లింది. సిరిసిల్ల పుట్టింటి తరపు చుట్టాలు రాయించుకున్న కాగితాలుంటే ఎల్లంతకుంట కూడా వెళ్లింది. ఫోనులో చెప్పలేదు. ఫోను ఎవరెత్తుతారో తెలియదు కదా. గడపలో కూర్చుని, "నీ పేరూ నీ ఇంటి సంగతీ నా దగ్గరినుంచి బయటికి పోయినయి. ఎవలు సూసిర్రో తెల్వది. తప్పు నాది" అని చెప్పేది. కొందరికి ఏం పోయిందో అర్థమే కాలేదు. కొందరు చాయ్ ఇచ్చారు. ఒకామె, భర్త చూస్తుండగానే, పద్మజ ముఖం మీద తలుపు వేసేసింది. జగిత్యాలలో ఒకామె, "మరి గిన్నేండ్లు నీ దగ్గర గాదు, బజార్ల నిలబడి చెప్పుకున్నమా?" అని ఏడ్చింది. వినడం పద్మజకు అలవాటే. కానీ తన గురించి వినడం అదే మొదటిసారి.

ముత్యంపేటకు మాత్రం పోలేకపోయింది. రెండుసార్లు బస్సెక్కి దిగిపోయింది.

ఫిబ్రవరి మొదట్లో మొగిలవ్వే వచ్చింది. రంజాన్‌కు ముందు అక్కడ కొందరు ఖైదీలను వదిలిపెడతారు. ఆలోపు ఇంకొక అర్జీ పోవాలి. కేసు సంగతంతా తెలిసి రాయగలిగిన మనిషి ఇంకొకరు లేరు. ఆ రోజు బెంచీ మీద సమ్మక్క కూడా ఉంది, ఏదో పింఛను పని మీద.

మొగిలవ్వ ఎవరినీ పలకరించకుండా స్టూలు మీద కూర్చుంది. "ఇరవై నాలుగోది రాయి" అంది.

పద్మజ రాసింది. పేరు చూపించడానికి బెంచీ వైపు తెర వెలిగించబోయి మానేసింది. కాగితం మీద ప్రింటు తీసి చేతికిచ్చింది. మొగిలవ్వ సంతకం పెట్టింది.

"సత్తెవ్వత్త ఎట్లుందే?" అని అడిగింది సమ్మక్క బెంచీ మీద నుంచి.

"తింటుంది."

"ఏమన్న గాని, తెలుసుడు మంచిగనే అయింది. ఎప్పటికైనా తెలిసేదే గదా. ముసల్దానికి గూడ నిజం..."

మొగిలవ్వ స్టూలు మీదే వెనక్కి తిరిగింది. "సమ్మక్కా, మంచిగయిందని నువ్వనకు. చెప్పేదుంటే నేను చెప్తుంటి. ఆయిన బయటికొచ్చే తారీఖు తెల్సినంక, ముసల్దాని చేతిల చెయ్యేసి, నేను చెప్తుంటి. రెండేండ్లు కడుపుల మోసిన దాన్ని. ఎప్పుడు దించుకోవాల్నో నాకెర్క. నీకెర్కనా? గా బుగ్గలు ఎగరేసినోళ్లకెర్కనా?"

సమ్మక్క చూపు దించుకుంది.

"అక్కా" అంది మొగిలవ్వ పద్మజ వైపు తిరిగి. "నీ మీద నా కోపం పోలే. పోయినప్పుడు చెప్త. గని ఇంకోటి రాయి. వాళ్ల మీద."

"రాసినం చెల్లె. జవాబిస్తలేరు."

"నీ పేరు మీద రాసినవ్. పోయింది నా పేరు. నా పేరు మీద రాయి. ఊరు పెట్టు, మొగని పేరు పెట్టు, జైలని గూడ పెట్టు. గా సర్కారోళ్లకు పంపు, పేపరోళ్లకు పంపు. అడగకుంట తీస్కపోయిర్రు గద, ఇయ్యాల నేనే ఇస్తున్న. ఎవల మొఖం సూసి దాసుకోవాలె ఇగ?"

పద్మజ కొత్త పేజీ తెరిచింది. మొగిలవ్వ చెబుతూ పోయింది. పద్మజ అచ్చు భాషలోకి మారుస్తూ కొట్టింది. మధ్యలో ఒకచోట కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. పేజీన్నర వచ్చింది. ప్రింటు తీయబోయే ముందు మొత్తం చదివి వినిపించింది. చివర అలవాటు కొద్దీ, 'మీ దయ కోరుతూ' అని ఉంది.

"గది తీసెయ్" అంది మొగిలవ్వ. "జైలోళ్లకు రాసినదాంట్ల ఉండని, ఆడ మనది తప్పుంది. దీంట్ల నేను దయ అడుగుతలేను."

పద్మజ ఆ వరుస చెరిపేసి, ప్రింటు తీసి, పెన్ను ఆమె చేతికిచ్చింది.